కంటికి పని: బోర్డు మాస్టారికి మీ ప్రశ్నలు

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. పెళ్ళయి బరంపురం వచ్చి ఎనిమిది నెలలైంది. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. "సాయంత్రం కూరలకి బజారుకెళ్ళే దారిలోనే ఓ బొమ్మల కొలువుంది, చూసే తీరిక ఉండాలి" అని పోయిన నెల మీరు రాశారు. నేనూ మా అత్తగారూ రెండు రోజులు చూశాం. కరెంటు తీగలు, ఫ్లెక్సీలు, ఆవులు, మురిక్కాలవ కనిపించాయి. "ఆ మాస్టారికి కళ్ళజోడు మార్చాలి" అన్నారు అత్తగారు. అసలు ఎక్కడ చూడాలండీ?
(కొత్త కోడలు, బరంపురం)

జవాబు: అమ్మా, ముందు మీ అత్తగారికి నా నమస్కారాలు. కళ్ళజోడు మార్చి నాలుగేళ్ళయిన మాట నిజమే, ఆవిడకెలా తెలిసిందో మరి. తప్పు కూడా నాదే. సాయంత్రం అని రాశాను. ఆరు దాటాక మన పెద్ద బజార్లో మనుషులూ మోటారు సైకిళ్ళూ తప్ప ఇంకేం కనిపిస్తాయి? పొద్దున్న ఏడింటికి వెళ్ళండి. లేదా మధ్యాహ్నం రెండింటికి. భోజనం వేళ కొట్టు కట్టేసి ఓ కునుకు తీసే అలవాటు మన ఊళ్ళో పాత కొట్లవాళ్ళకి ఇంకా పోలేదు. షట్టరు మీది రాత షట్టరు దించితేనే కదా కనిపించేది.

ముందు ఆ షట్టర్ల దగ్గరే ఆగు. ముడతల రేకు మీద నిలువు గీత తిన్నగా రావాలంటే, ఒక్కో ముడత లోపలికి కుంచె దించి మళ్ళీ పైకి ఎక్కించాలి. పక్కనుంచి చూస్తే అక్షరం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. సరిగ్గా ఎదురుగా నిలబడితే నిటారుగా ఉంటుంది. రాసినవాడు ఆ ఎదురు చోటు ముందే ఊహించుకుని రాశాడన్నమాట. ఆ చోటు ఎక్కడుందో నీ కాళ్ళతో వెతుక్కో. రోడ్డు మధ్య ఉంటే మాత్రం వద్దు, మన ఆటోవాళ్ళ సంగతి నీకింకా తెలీదు.

నేను బజార్లో నడిచేటప్పుడు వెతికేది ఒక్కటే. అవసరం తీరిపోయాక కూడా చెయ్యి ఆగని చోటు. కిటికీకి ఇనప చువ్వలు దేనికి? దొంగ రాకుండా. దానికి నిలువుగా నాలుగు చువ్వలు చాలు. కానీ మన పాత వీధుల్లో కిటికీలు చూడు. కింద ఓ మూల అరచెయ్యంత సూర్యుడు, అక్కణ్ణించి కిరణాల్లా పైకి విచ్చుకున్న చువ్వలు. ఇంకో ఇంట్లో రెండు నెమళ్ళు ఎదురెదురుగా. ఆ నెమళ్ళని చూసి ఏ దొంగా వెనక్కి తిరగడు. కమ్మరి కొలిమి దగ్గర ఇంకో పూట కూర్చున్నాడు, అంతే. ఆ పూటకి కూలి దొరికిందో లేదో కూడా చెప్పలేం.

పాన్ కొట్టువాడు తమలపాకుల్ని తడిగుడ్డ మీద తొడిమలన్నీ లోపలికి పెట్టి చక్రంలా పేరుస్తాడు. ఆకు వాడిపోకుండా ఉండటానికి తడి చాలు, చక్రం అక్కర్లేదు. అప్పడాల కొట్లో (మన ఊరి అప్పడాలకీ ఆవకాయకీ ఉన్న పేరు నీకు తెలిసే ఉంటుంది) మిరియాలవి, జీలకర్రవి, వెల్లుల్లివి వేర్వేరు దొంతులు పెట్టి, లేత రంగు నుంచి ముదురు రంగుకి వరస కట్టి ఉంటాయి. వరస ఎవరు చెప్పారని ఓసారి అడిగితే కొట్టావిడ నవ్వి ఊరుకుంది. మర్నాడు వెళ్తే వరస మార్చేసి ఉంది. అప్పట్నుంచీ నేను అడగడం మానేశాను.

ఇప్పుడు తలెత్తు. బజారు వీధుల్లో తలెత్తి నడిచేవాళ్ళు లేరు గనకే పైన ఇన్ని మిగిలాయి. మన పాత ఇళ్ళు పక్కింటి గోడా మన గోడా ఒకటే అన్నట్టు వరసగా ఉంటాయి. వీధివైపు సన్నం, లోపలికి పొడుగు. కింద అరుగూ స్తంభాలూ పోయి షట్టర్లొచ్చినా, పై అంతస్తు పిట్టగోడ మీద సున్నంతో పోసిన సింహాలు, చిలకలు, ఏనుగుల మధ్య లక్ష్మీదేవి అలాగే కూర్చుని ఉంటారు. కొన్నింటి నుదుటి మీద కట్టిన సంవత్సరం ఉంటుంది. అది 1936కి ముందా, తర్వాతా చూడు. ఆ ఏడు ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడే దాకా మన గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. వి.వి. గిరిగారు 1894లో ఇక్కడ పుట్టినప్పుడు ఇది మద్రాసువాళ్ళ ఊరే. మా వీధిలో ఓ ఇంటి నుదుటి మీద తెలుగు అక్షరాలూ, దాని పక్కింటి మీద ఒడియా అక్షరాలూ ఉన్నాయి. తాపీ చూస్తే మాత్రం ఒకే మేస్త్రీది. రెండిళ్ళ సింహాలకీ ఒకేలాంటి మీసాలు. సింహానికి మీసాలేమిటని అడక్కు, ఆ మేస్త్రీ సింహాన్ని ఎక్కడ చూశాడు పాపం.

అక్షరాల మాటొచ్చింది గనక నా వృత్తి కబురు కొంచెం చెబుతాను, విసుగనిపిస్తే తర్వాతి ప్రశ్నకి వెళ్ళిపో. నేను నలభై ఏళ్ళు ఈ ఊళ్ళో బోర్డులు రాశాను. తెలుగూ ఒడియా రెండూ గుండ్రటి లిపులు. తాటాకు మీద గంటంతో అడ్డంగా గీత గీస్తే ఆకు ఈనె వెంట చీలిపోతుందని మన పెద్దలు అక్షరాల్ని గుండ్రంగా తిప్పుకున్నారు. అంతవరకూ అన్నదమ్ములే. రేకు మీదికొచ్చేసరికి పేచీ మొదలవుతుంది. ఒడియా అక్షరానికి తల మీద పెద్ద గొడుగు. ఒక అక్షరానికీ ఇంకో అక్షరానికీ తేడా అంతా ఆ గొడుగు కింద ఇరుక్కున్న చిన్న మెలికలో ఉంటుంది. గొడుగు లావుగా గీశావా, దూరంనుంచి అన్నీ ఒకేలా బోడిగుండ్లు కనిపిస్తాయి. అందుకని గొడుగు సన్నంగా, మెలిక లావుగా రాయాలి. తెలుగుకి తలకట్టు చిన్నదే. బాధంతా కింద వేలాడే ఒత్తులతో. "క్లాత్ స్టోర్స్" అని ఓసారి రాసి చూడు. అందుచేత రెండు భాషల బోర్డులో తెలుగు వరస కింద ఎక్కువ ఖాళీ వదలాలి. ఇది తెలీనివాడు రాసిన బోర్డులో తెలుగు ఒత్తు వెళ్ళి ఒడియా గొడుగు మీద కూర్చుంటుంది. అలాంటివి మన గిరి మార్కెట్ చుట్టుపక్కల రెండు చూశాను. ఎవరు రాశారో తెలుసు, చెప్పను.

ఇంకొక్కటి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. మర్నాడు మధ్యాహ్నానికి గాలి తగ్గాక బజారుకెళ్ళాను. ఒక్క బోర్డు దాని చోట లేదు. నేను రాసిన రేకులు కాగితాల్లా మడతపడి కాలవలో ఉన్నాయి. కూర్చుని ఏడవాల్సిన రోజు. కానీ ఓ మందుల కొట్టు మీద ఫ్లెక్సీ ఎగిరిపోయి, దాని వెనక గోడ బయటపడింది. గోడ మీద నీలం రంగు ఒడియా అక్షరాలు. ఆ రంగు పెచ్చులూడిన చోట, ఇంకా కింద, ఎర్రమట్టి రంగులో తెలుగు అక్షరాలు. "...ల వారి నెయ్యి" అన్నంత మేర చదవగలిగాను. మొదటి మాట పోయింది. అక్షరం తీరు చూస్తే రాసినవాడు నాకన్నా ఓ తరం ముందువాడు. "య" తోకని చివర్లో కొంచెం పైకి లాగి, అక్కడో చుక్క పెట్టాడు. ఆ చుక్క వ్యాకరణానికి అక్కర్లేదు, నెయ్యికీ అక్కర్లేదు. వానలో నిలబడి ఎంతసేపు చూశానో గుర్తులేదు. నెల తిరక్కుండా దాని మీద కొత్త ఫ్లెక్సీ వచ్చేసింది.

కాబట్టి అమ్మా, ఈసారి కూరల సంచీ ఇంట్లో పెట్టి వెళ్ళు. ఓ షట్టరు, ఓ కిటికీ, ఓ పిట్టగోడ, మూడు చాలు. ఏం చూశావో నాకు రాయి. అత్తగారు ఏమన్నారో కూడా రాయి.

ప్రశ్న: మా పక్కింటి ఒడియా వాళ్ళు డిసెంబరులో గురువారం గురువారం తడిపిండితో గుమ్మం ముందూ గోడ మీదా ముగ్గులు వేస్తారు. మా అమ్మాయి "మనం ఎందుకు పొడిపిండితో వేస్తాం? వాళ్ళదే బాగుంది" అంటోంది. ఏం చెప్పాలి?
(గృహిణి, ఛత్రపురం)

జవాబు: మీ అమ్మాయి మంచి ప్రశ్న అడిగింది. "మనదే గొప్ప" అని మాత్రం చెప్పకండి.

వాళ్ళు వేసేది ఝోటి. మార్గశిర మాసంలో గురువారాలు లక్ష్మీదేవికి చేసే మాణబసా పూజ కోసం. కొత్త ధాన్యం నింపిన మానికలో అమ్మవారిని నిలుపుతారు. బియ్యం నానబెట్టి రుబ్బిన పిండిలో వేలు ముంచి గీస్తారు. వరి కంకులు, తామరలు, వీధిలోంచి ఇంట్లోకి నడిచి వస్తున్నట్టు చిన్న చిన్న పాదాలు. వేసేటప్పుడు పెద్దగా కనపడదు. ఆరేకొద్దీ తెల్లబడుతుంది. అంటే వేసేవాళ్ళు పావుగంట తర్వాత రాబోయే బొమ్మని ఇప్పుడే మనసులో చూసి వెయ్యాలి. తడిగా ఉంటుంది గనక గోడ ఎక్కగలదు, తడిపిండి జారే లోపల గీసెయ్యాలి గనక చెయ్యి వేగంగా పోతుంది. అందుకే ఝోటిలో తీగలూ మొగ్గలూ ఎక్కువ, లెక్క తక్కువ.

మన పొడిముగ్గు గోడ ఎక్కలేదు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి పిండి జారాలి, నేల పడుకుని ఉండాలి. కానీ తుడిచి మళ్ళీ వెయ్యొచ్చు. అందుకని మనవాళ్ళు లెక్కలోకి దిగారు. పదిహేను చుక్కలు, ఎదురు చుక్కలు, సందు చుక్కలు, ఒక్క చుక్క తప్పితే మొత్తం చెరిపి మొదటికి. మా అమ్మ ధనుర్మాసంలో చుక్కలు పెట్టాక చీపురు పట్టుకుని నిలబడి ఓ నిమిషం ఊరికే చూసేది. గీత ఎక్కడ మొదలెట్టాలో అప్పుడు నిర్ణయించుకునేదని నాకు పెద్దయ్యాక తెలిసింది.

మార్గశిర గురువారాలూ ధనుర్మాసమూ వెంటవెంటనే వస్తాయి. మన గంజాం వీధుల్లో డిసెంబరంతా తిరిగితే ఒకే వీధిలో రెండూ దొరుకుతాయి. మా పాత వీధిలో ఒక తెలుగింటావిడ చుక్కల ముగ్గు వేసి, దాని మధ్యలోంచి తడిపిండితో లక్ష్మి పాదాలు నడిపించేది. ఎదురింటి మామ్మగారు చూసి "ఇదేం సంకరం" అన్నారు. మర్నాడు ఆ మామ్మగారి గుమ్మం ముందు కూడా పాదాలున్నాయి. మీ అమ్మాయికి ఇది చెప్పండి, పక్కింటికి పంపి నేర్చుకోమనండి.

ప్రశ్న: మాస్టారూ, రాయగడలో కొత్తగా తెరిచిన ఓ హోటల్లో గోడల నిండా తెల్లటి మనుషుల బొమ్మలు వేశారు. మా ఫ్రెండ్స్ వార్లీ అంటున్నారు. మా తెలుగు మాస్టారు కాదు, సవర బొమ్మలు అన్నారు. ఏది కరెక్టు?
(ఇంటర్ విద్యార్థి, రాయగడ)

జవాబు: బాబూ, హోటల్ గోడ నేను చూడలేదు గనక తీర్పు చెప్పను, గుర్తులు చెబుతాను, నువ్వే వెళ్ళి చూడు. టీ తాగుతూ చూడొచ్చు గనక నీకే లాభం.

వార్లీ, సవర రెండూ గిరిజనుల బొమ్మలే. వార్లీవాళ్ళది మహారాష్ట్రలో ముంబైకి ఉత్తరాన ఠాణే, పాల్ఘర్ వైపు. మనిషి ఒంటిని రెండు త్రికోణాలుగా వేస్తారు, మొనలు రెండూ నడుము దగ్గర ఖచ్చితంగా తాకుతాయి, డమరుకంలా. సవర బొమ్మలో ఒళ్ళు కాస్త సాగి ఉంటుంది, నడుము అంత పదునుగా తెగదు. ఇంకో గుర్తు చట్రం. సవరవాళ్ళు ముందు చుట్టూ అంచు గీసుకుని అక్కణ్ణించి లోపలికి నింపుకుంటూ వస్తారు. హోటల్ గోడ మీద చట్రం లేకుండా మనుషులు విడివిడిగా డాన్సు చేస్తుంటే నాకు అనుమానమే.

నీకు తెలియాల్సిన సంగతి ఇంకోటుంది. మీ జిల్లాలోనూ, పక్క గజపతి జిల్లాలోనూ లాంజియా సవరలు ఎర్రమట్టి పూసిన ఇంటి లోపలి గోడ మీద బియ్యప్పిండితో వేసే ఆ బొమ్మని ఇడితాల్ అంటారు. అది అలంకారానికి వేసింది కాదు. పెద్దల ఆత్మలకీ దేవతలకీ ఇల్లు కట్టి ఇవ్వడం. అందుకే చట్రం, అది ఇల్లు గనక. లోపల మనుషులు, గుర్రాలు, ఏనుగులు, సూర్యచంద్రులు, ఈమధ్య సైకిళ్ళూ విమానాలూ కూడా. పెద్దలకి ప్రయాణానికి ఏం కావాలో ఎవరికి తెలుసు! లాంజియా సవర చిత్రానికి 2024 జనవరిలో జీఐ గుర్తింపొచ్చింది, అంటే ఈ పని ఫలానా చోటిదేనని సర్కారు ఇచ్చే ముద్ర. అదే విడతలో మీ నియమగిరి డొంగ్రియా కోంధుల శాలువాకి కూడా వచ్చింది. తెల్లగుడ్డ మీద సూదితో కుట్టిన ఎరుపు, ఆకుపచ్చ, పసుపు త్రికోణాలు ఉంటాయి చూడు, వాళ్ళ కొండలవి. బుధవారం చాటికొనా సంతకి వెళ్తే ఆ శాలువా కప్పుకుని కూరలమ్మే వాళ్ళు కనిపిస్తారు. అడక్కుండా ఫోను ఎత్తి ఫొటో తియ్యకు.

హోటల్ వాళ్ళు చేసింది తప్పా అని నువ్వు అడగలేదు గానీ, నా మనసులో మాట చెప్పేస్తాను. దేవుడి ఇంటి ప్లాను పట్టుకొచ్చి చేతులు కడుక్కునే చోట వెయ్యడం నాకు నచ్చదు. బొమ్మ వేసినవాడు సవరవాడై, డబ్బులు సరిగా ముట్టి ఉంటే నా నచ్చకపోవడానికి అంత విలువేం లేదు. ఎవరు వేశారో కౌంటర్లో అడుగు. పేరు చెప్పగలిగితే మంచి హోటలే.

ప్రశ్న: పర్లాకిమిడిలో చిన్న ఫ్యాన్సీ కొట్టు పెడుతున్నాను. బోర్డు చేతిరాతతో రాయించమంటారా, ఫ్లెక్సీ కొట్టించమంటారా? మీరు బోర్డు మాస్టారు కాబట్టి నిజం చెప్పరని మా బావ అంటున్నాడు.
(కాబోయే కొట్టు యజమాని, పర్లాకిమిడి)

జవాబు: మీ బావ తెలివైనవాడు. సరే, నిజమే చెబుతాను. నా చెయ్యి ఇప్పుడు వణుకుతుంది, నేను రాయను గనక నాకు బేరం లేదు.

డబ్బు ఇప్పుడే తక్కువ ఉంటే ఫ్లెక్సీయే కొట్టించండి, సిగ్గేం లేదు. కానీ ఎండకి ఫ్లెక్సీలో పసుపూ ఎరుపూ ముందు ఎగిరిపోతాయి, నీలం ఒక్కటే మిగులుతుంది. మన బజార్లో పాత ఫ్లెక్సీల మీద నాయకులందరూ నీలమేఘశ్యాములై ఎందుకుంటారో ఇప్పుడు తెలిసిందా? మూడో వేసవికి మీ బోర్డు మీద గాజులు కూడా అన్నీ నీలంగానే కనిపిస్తాయి.

చేతిరాత అయితే రేకుకి ముందు రెడాక్సైడు పూయించండి. బరంపురంలో మాకు 15 కిలోమీటర్లలో సముద్రం, ఉప్పుగాలికి రేకు లోపల్నుంచి తినేస్తుంది. మీకు ఆ బాధ తక్కువైనా వానలు ఎక్కువ. తర్వాత ఎనామిల్ రెండు పూతలు, మధ్యలో ఓ రోజు ఆరాలి. తొందరపెట్టకండి. రాసేవాడు సుద్దలో ముంచిన దారం రెండు కొసలా పట్టించి, మధ్యలో లాగి వదిలి గీత కొడతాడా లేదా చూడండి. స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీసేవాడు నేర్చుకుంటున్నాడన్నమాట, సగం డబ్బులివ్వండి. అక్షరం నీడ అన్నింటికీ ఒకే వైపు పడాలి. "ఫ్యాన్సీ"కి కుడివైపు, "స్టోర్"కి ఎడమవైపు పడితే మీ కొట్టుకి ఇద్దరు సూర్యులున్నట్టు.

అసలు మీ ఊళ్ళో ఉండి రేకు గురించి నన్నడుగుతున్నారేం? కొమ్ముని కాచి, వంచి, కొంగలూ రొయ్యలూ దువ్వెనలూ చేసే పనివాళ్ళు మీ దగ్గరున్నారు. గుండ్రటి గంజపా పేకముక్కలు వేసిన ఊరు. గుడ్డ మీద గుడ్డ చింతగింజల జిగురుతో అతికించి, సుద్ద పూసి, మెరుగు పెట్టి, ఒక్కో రంగుకి పన్నెండు ముక్కలు, దశావతారాల ఆటకి మొత్తం 120 ముక్కలు చేత్తో వేసేవాళ్ళు. ఆ పని తెలిసినవాళ్ళు ఎవరన్నా దొరికితే, పళ్ళెం అంత గుండ్రటి ముక్క ఒకటి వేయించి గుమ్మం పక్కన వేలాడదీయండి. గిడుగు రామమూర్తిగారు జనం మాట్లాడే మాటే రాయాలని పోట్లాడిన ఊరు కూడా మీది. బోర్డు మీద "వస్త్రాభరణ విపణి" లాంటివి రాయించకండి. ఫ్యాన్సీ కొట్టు అంటే చాలు.

ప్రశ్న: ఠాకురాణి జాతరలో పులివేషాలకి రంగు ఎవరు వేస్తారు? మా తాతయ్య మిమ్మల్నడగమన్నారు.
(ఆరో తరగతి, బరంపురం)

జవాబు: మీ తాతయ్యకి నేను తెలుసన్నమాట! చిన్నప్పుడు నేనూ వేశానమ్మా. నువ్వు అమ్మాయివో అబ్బాయివో రాయలేదు, ఇద్దరికీ ఇదే జవాబు.

రెండేళ్ళకోసారి బుఢీ ఠాకురాణి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టు దేశిబెహెరా వీధికొస్తుంది. మా నేతవాళ్ళు, ఒడియాలో డేరా అంటారు, అమ్మవారికి పుట్టింటివాళ్ళు. మావాళ్ళని రాజమండ్రి వైపు నుంచి మహురి రాజులు పిలిపించుకున్నారని మా పెద్దలు చెప్పేవారు. ఇంట్లో ఇప్పటికీ తెలుగే. జాతర రోజుల్లో వీధుల్లో రథాలు కడతారు, అవి కదలవు. ఎత్తుగా నిలబెట్టి బొమ్మలతో పురాణం కథ చూపిస్తారు. జనమే వాటి చుట్టూ కదులుతారు.

మా నాన్న మగ్గం మీద పట్టుచీర అంచుకి కుంభం నేసేవాడు. గుడి గోపురాల్లా వరసగా పళ్ళు పళ్ళుగా ఉంటాయి చూడు, మీ అమ్మ పెళ్ళిచీరకి ఉండొచ్చు. అంచుకి ఓ నాడె (మగ్గంలో అడ్డదారం అటూ ఇటూ నడిపేది), మధ్యకి ఇంకో నాడె, రెండు రంగులు ఒకదాన్నొకటి పట్టుకుంటేనే ఆ పళ్ళు వస్తాయి. నాకు మగ్గం గుంటలో కూర్చుంటే కాళ్ళు తిమ్మిరెక్కేవి. పారిపోయి బోర్డులు రాసే ఆయన దగ్గర చేరాను. పన్నెండేళ్ళప్పుడు ఆయన నా చేతికి మొదట ఇచ్చిన పని రేకు కాదు, ఓ మనిషి తోక! పులివేషగాడు పసుపు రంగు పూసుకుని, ఆరేదాకా చేతులు చాపి నిలబడ్డాడు. గురువుగారు ఒంటి మీద నల్లచారలు వేస్తున్నారు. నన్ను తోకకి చుట్లు వెయ్యమన్నారు. నేను గుడ్డతోకకి చుట్లు వేస్తూ వేస్తూ, మధ్యలో నాకు తెలిసిన పని చేసేశాను. చుట్టుకి పళ్ళు పెట్టాను, కుంభంలా. గురువుగారు చూసి నెత్తి మీద ఒక్కటిచ్చారు. పులివేషగాడు మాత్రం తోక ముందుకు లాక్కుని చూసుకుని, "ఉండనియ్యండి, మా పులి పట్టుచీర కట్టింది" అన్నాడు. ఆ జాతరంతా ఆ తోక ఊపుకుంటూ ఆడాడు.

మీ తాతయ్య ఆ పులిని చూసి ఉంటారేమో అడుగు.

ప్రశ్న: వీధిలో బోర్డుల్నీ కిటికీల్నీ ఫొటోలు తీసి దాచుకోవచ్చా?
(బ్యాంకు ఉద్యోగి, జయపురం)

జవాబు: తీసుకోండి. కిటికీ వెనక మనుషులుంటారని మరచిపోకండి. నేను ఓసారి చక్కటి గ్రిల్లు అనుకుని తీస్తే, లోపల ఓ పెద్దాయన బనీనుతో గడ్డం గీసుకుంటున్నాడు. ఆయన అడిగిన ప్రశ్నలకి నా దగ్గర జవాబుల్లేవు.

ప్రశ్న: మాస్టారూ, కొంచెం కటువుగా అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. బోర్డు రాతనీ తమలపాకుల చక్రాన్నీ కళ అంటే, కోణార్క చెక్కిన శిల్పుల్ని ఏమనాలి? మీరు రాసినదేదైనా ఇప్పటికీ మిగిలి ఉందా?
(రిటైర్డు లెక్చరర్, బరంపురం)

జవాబు: అయ్యా, కోణార్క శిల్పుల్ని కూడా కళాకారులనే అనాలి. పదమూడో శతాబ్దంలో వాళ్ళు ఆ రథచక్రాలు చెక్కుతూ ఇరుసుకీ ఆకులకీ మధ్య ఏం మలచాలో తర్జనభర్జన పడ్డప్పుడు, మా అప్పడాల కొట్టావిడ వరస మార్చుకునేటప్పుడు పడే అవస్థే పడి ఉంటారని నా ఊహ. వాళ్ళ రాయి నిలిచింది, ఈవిడ అప్పడం సాయంత్రానికి అమ్ముడైపోతుంది. తేడా చాలా పెద్దదే, కాదనను. చెయ్యి పడే తికమకలో మాత్రం నాకు తేడా కనపడదు. మీరు ఒప్పుకోనక్కర్లేదు.

రెండో ప్రశ్నే నన్ను ఇబ్బంది పెట్టింది. మిగిలింది ఒక్కటే. పాత బరంపురం వైపు ఓ సందులో పిండిమిల్లు బోర్డు. పెళ్ళయిన కొత్తలో, డబ్బు తొందరలో, ఒక్క రాత్రిలో రాసిచ్చాను. "ఇచ్చట బియ్యం, గోధుమలు, మిరప పట్టబడును" అని ఉండాలి. "మిరప"కి బదులు "మిపర" అని రాశాను. తగిలించాక చూశాను. మిల్లాయన చూడలేదు. ఆయన తెలుగు చదవడు, ఒడియా చదువుతాడు, ఒడియా వరస సరిగ్గానే రాశాను. నెల తర్వాత ఎవరో చెప్పారు ఆయనకి. నేను భయపడుతూ వెళ్ళి, డబ్బులొద్దు, దిద్దుతానన్నాను. ఆయన వద్దన్నాడు. "ఇప్పుడు జనం 'మిపర మిల్లు' అని అడ్రసు చెబుతున్నారు, దిద్దితే దారి తప్పుతారు" అన్నాడు. ఆయన పోయాడు, కొడుకు నడుపుతున్నాడు. కొడుకునీ అడిగాను. అదే జవాబు.

ఫైలిన్ నాడు ఊరంతా బోర్డులు ఎగిరిపోతే అదొక్కటే ఎందుకు ఎగరలేదో తెలీదు, సందు ఇరుకు గనక గాలి తగల్లేదేమో. మీరు చూడాలనుకుంటే వెళ్ళండి. కానీ మిల్లు ఆడుతున్నంతసేపూ పిండి కమ్మి అక్షరాలు కనపడవు. కరెంటు పోయిన పూట చూసి వెళ్ళండి, జేబురుమాలు పట్టుకెళ్ళండి.